ఇరుకులో పుట్టిన అక్షరాలు

కౌబాయ్ సినిమాల్లో గోడకి అంటించిన 'వాంటెడ్' పోస్టర్ గుర్తుందా? సన్నగా, పొడుగ్గా, తలా పాదం మాత్రం లావుగా ఉండే ఆ అక్షరాలని చూడగానే 'వింటేజ్' అనేస్తాం. కానీ వాటిని చెక్కినవాళ్లకి పాతదనం మీద మోజేం లేదు. అదంతా వ్యాపారం.

19వ శతాబ్దపు అమెరికాలో సర్కస్‌లూ నాటకాలూ సరుకులూ గోడలకెక్కాయి. అంత పెద్ద అక్షరాలు సీసంతో పోతపోస్తే బరువూ ఖర్చూ మోయలేం. 1827లో న్యూయార్క్‌లో డారియస్ వెల్స్ చెక్క అక్షరాలు కోసే రౌటర్ తయారుచేశాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ జోడించాడు. ఇక ఒక్క నమూనా నుంచే రకరకాల సైజులు!

కాగితం వెడల్పు మాత్రం పెరగదు కదా. పొడుగాటి పేరు ఒకే వరసలో పట్టాలి, దూరానికీ కనబడాలి. అందుకే అక్షరాన్ని పక్కల నుంచి నొక్కి పైకి సాగదీశారు. పక్క పోస్టర్ కన్నా ముందు కంటపడాలని పాదాలు లావు చేశారు. మనం ముచ్చటపడే సొగసంతా ఆ ఇరుకులోంచి, ఆ పోటీలోంచి వచ్చిందే.

ఇవాళ్టి ఫాంటుకి ఆ ఇబ్బంది లేదు. అయినా కాఫీ షాపు బోర్డు కోసం కొత్త అక్షరం గీసి, సిరా సరిగ్గా అంటనట్టు, అంచులు అరిగినట్టు కావాలని చెడగొడతాం. ఆనాటి ప్రింటర్ సిగ్గుపడి దాచుకునే లోపాన్నే మనం ఇష్టంగా కొనుక్కుంటున్నాం.