పట్టాకు ముందు ఈత పరీక్ష

నాలుగేళ్లు శ్రద్ధగా చదివి అన్ని పాఠ్యాంశాలలోను ఉత్తీర్ణుడైన విద్యార్థికి, ఈత రాదన్న కారణంతో పట్టా ఆగిపోవచ్చునా? మనకు వింతగా తోచినా, అమెరికాలోను చైనాలోను పేరుపొందిన కొన్ని విశ్వవిద్యాలయాలలో ఇటువంటి నిబంధన ఉన్నది. దాని స్వరూపం, పుట్టుక, దానిపై వచ్చిన విమర్శలు తెలుసుకోవడం ఏటి ఒడ్డున, చెరువు గట్టున పిల్లలను పెంచుకొనే కుటుంబాలకు ఉపయోగకరం.

పరీక్ష స్వరూపం

ఇది పందెం కాదు. ఎంత వేగంగా ఈదారన్నది చూడరు. నిర్ణీత దూరం సురక్షితంగా ఈదగలిగితే చాలు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.)లో 100 గజాలు, అనగా సుమారు 91 మీటర్లు, మధ్యలో ఆగకుండా ఈదవలెను. కార్నెల్ విశ్వవిద్యాలయం పెట్టిన దూరం 75 గజాలు. బీజింగులోని ఛింగ్‌హువా విశ్వవిద్యాలయం 2017లో చేరిన విద్యార్థుల నుండి 50 మీటర్ల ఈతను పట్టాకు షరతుగా విధించింది. ఆ సంస్థలో 1919లోనే ఇటువంటి నియమం ఉండి, తరువాత తొలగిపోయింది.

పరీక్షలో నెగ్గనివారిని ఇంటికి పంపివేస్తారని భయపడనక్కరలేదు. ఈత తరగతిలో చేరి నేర్చుకొనే ఏర్పాటు ఈ సంస్థలలో ఉన్నది. మన ప్రాంతం నుండి ఎం.ఎస్. వంటి పైచదువులకు వెళ్లేవారికి ఈ నిబంధన సాధారణంగా వర్తించదు. ఇది డిగ్రీ విద్యార్థులకు ఉద్దేశించినది. ఇంటర్మీడియట్ తరువాత నేరుగా విదేశీ డిగ్రీలో చేరగోరేవారు మాత్రం ఆయా సంస్థల నియమాలను ముందే చూసుకొనుట మేలు.

పుట్టుక

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలో నీట మునిగి చనిపోయేవారు అధికంగా ఉండేవారు. 1914లో విల్బర్ట్ లాంగ్‌ఫెలో అనే ఆయన అమెరికన్ రెడ్‌క్రాస్ పక్షాన ప్రాణరక్షక దళాన్ని స్థాపించి, ప్రతి పౌరునికి ఈత రావలెనని దేశమంతటా ప్రచారం చేశాడు. తరువాత ప్రపంచ యుద్ధాల కాలంలో యువకుల దేహదారుఢ్యం ప్రభుత్వానికి ముఖ్యావసరమైంది. ఉదాహరణకు, 1942లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నౌకాదళ వైమానికులకు ప్రాథమిక శిక్షణ పాఠశాల వెలసింది. ఈత పరీక్ష అనేక కళాశాలలలో పాతుకొన్నది ఈ వాతావరణంలోనే.

దీనిపై ఒక కట్టుకథ కూడ ప్రచారంలో ఉన్నది. 1912లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు హార్వర్డు పూర్వ విద్యార్థి హ్యారీ వైడెనర్ మరణించాడు. అతని తల్లి కుమారుని పేరిట హార్వర్డులో గొప్ప గ్రంథాలయం కట్టించి, విద్యార్థులందరికీ ఈత నేర్పాలని షరతు పెట్టిందని చెప్పుకొంటారు. గ్రంథాలయం నిజం, షరతు మాత్రం కల్పన. నడిసముద్రపు మంచునీటిలో ఈత వచ్చినవారు కూడ బ్రతకలేదు కదా!

తొలగించిన సంస్థలు, కారణాలు

కాలక్రమాన పెక్కు సంస్థలు ఈ పరీక్షను విడిచిపెట్టాయి. నార్త్ కరోలినా 2006లో, షికాగో విశ్వవిద్యాలయం 2012లో, డార్ట్‌మత్ కళాశాల 2022లో దానిని రద్దు చేశాయి. ఈత కొలనుల నిర్వహణ వ్యయం, వ్యాయామ విద్యకు తగ్గిన ప్రాధాన్యం కొంత కారణం. అంతకన్న ఆలోచింపదగిన కారణం మరొకటి ఉన్నది. అమెరికాలో చాలాకాలం నల్లజాతివారిని ప్రజా ఈతకొలనులలోకి రానిచ్చేవారు కారు. తాతకు రాని ఈత తండ్రికి రాలేదు, తండ్రికి రానిది బిడ్డకు రాలేదు. ఫలితంగా, డార్ట్‌మత్ వంటి చోట్ల పరీక్షలో వెనుకబడినవారిలో శ్వేతజాతీయులు కాని విద్యార్థులే అధికంగా ఉన్నారు. చిన్నప్పుడు కొలను ముఖం చూడనివానిని పద్దెనిమిదో ఏట పరీక్షించడం న్యాయమా అన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది.

ఈ ప్రశ్నకు జవాబు పరీక్షలో లేదు, దాని వెంట ఉండే తరగతిలో ఉన్నది. పరీక్ష మాత్రమే పెడితే అది విద్యార్థి బాల్యాన్ని కొలుస్తుంది. నేర్పి పరీక్షిస్తే అది విద్య అవుతుంది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ భేదం కొత్తది కాదు.

ఈతకు గల హద్దు

ఈత వచ్చినంత మాత్రాన నీటికి భయపడనక్కరలేదని భావించరాదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, ఎగువ ఆనకట్ట నుండి హఠాత్తుగా వదలిన నీటిలో కొట్టుకొనిపోయారు. అటువంటి ప్రవాహంలో 75 గజాల ఈత ఎవరినీ కాపాడదు. ఏ నీటిలో దిగరాదో తెలియడం ఈతతో సమానమైన పాఠం.

మన పిల్లల మాట

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో లోకమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో పదింట తొమ్మిదివంతులు పేద, మధ్యాదాయ దేశాలవారు. మన దేశంలో ఏటా 30 వేలకు పైగా ప్రాణాలు ఇట్లా పోతున్నాయి. ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25ను మునక మరణాల నివారణ దినంగా ప్రకటించింది. ఐదేళ్లలోపు పసివారికి పెద్దల కనుచూపే రక్ష. బడి ఈడు పిల్లలకు ఈత, నీటి భద్రత నేర్పాలన్నది ఆ ఆరోగ్య సంస్థ సలహా.

దీనికి పాలరాతి కొలను అవసరం లేదు. బంగ్లాదేశ్‌లో ‘స్విమ్‌సేఫ్’ అనే కార్యక్రమం గ్రామ చెరువులలోనే వెదురు వేదికలు కట్టి పిల్లలకు 25 మీటర్ల ఈత, నీటిపై తేలడం, గట్టు మీద నుండే ఇతరులను కాపాడడం నేర్పింది. మన పెద్దలు కూడ ఎండు సొరకాయ బుర్రనో, బెండునో నడుముకు కట్టి దిగుడుబావిలో ఈత నేర్పినవారే. బావులు పూడిపోయి ఆ గురుత్వం సన్నగిల్లింది. తుంగభద్ర, వంశధార, ప్రాణహిత, గౌతమి మాత్రం అట్లే పారుతున్నవి.

కనుక తల్లిదండ్రులు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. ఈత తెలిసిన పెద్దవారి సమక్షంలో, నిలకడ నీటిలో, ఆడపిల్లలకు మగపిల్లలకు సమానంగా ఈత నేర్పించాలి. ఇసుక తవ్విన గుంటలు, ఆనకట్ట దిగువ ప్రవాహం, వరద నీరు ఈతకు తగవని చెప్పాలి. మునిగేవారిని చూసి పిల్లలు తామే దూకరాదని, కేకవేసి పెద్దలను పిలవాలని, కర్రో చీరో అందించాలని, మూతబిగించిన ఖాళీ బిందెలాంటి తేలే వస్తువు విసరాలని నేర్పాలి. ఒకరిని కాపాడబోయి మరొకరు మునిగిన దుర్ఘటనలు మన ఊళ్లకు తెలియనివి కావు.

విశ్వవిద్యాలయం పద్దెనిమిదో ఏట అడిగే ఈ ప్రశ్నకు, ఎనిమిదో ఏటనే ఊరి చెరువులో జవాబు సిద్ధం చేయవచ్చును.