ఒరగల్లు మాట, పారాణి రంగు

గీటురాయికి తెలుగులో ఒరగల్లు అనే పేరు కూడా ఉంది. కన్నడంలో ఒరెగల్లు, తమిళంలో ఉరైకల్. మూడు మాటల్లోనూ ఉన్నది ఒకే పని: రాతి మీద రుద్దడం. బళ్ళారిలో ఉంటూ ఇంట్లో తెలుగూ వీధిలో కన్నడమూ మాట్లాడే నాకు ఈ పోలిక చూసినప్పుడల్లా ఒకటి తోస్తుంది. పదార్థాన్ని పరీక్షించే విద్య పుస్తకాలకు ఎక్కకముందే వృత్తివాళ్ల చేతుల్లో, వాళ్ల మాటల్లో ఉండేది.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో బంగారం పరీక్షించే నికషం, అంటే గీటురాయి, ప్రస్తావన ఉంది. పెసల వన్నెగల కళింగ దేశపు రాయి శ్రేష్ఠమని అందులో చెప్పారు. ఒడిశాలోని మన పాఠకులకు ఇది సంతోషం కలిగించే మాట. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ కూడా రాళ్ల మీద రాసిన గ్రంథంలో గీటురాయిని వర్ణించాడు. పరీక్ష తేలిక. నున్నని రాతి మీద నగతో ఒక గీత, పక్కనే వన్నె తెలిసిన బంగారంతో మరో గీత. రెంటినీ పోల్చి చూడాలి. తరువాతి కాలంలో గీత మీద నత్రికామ్లం చుక్క వేయడం వచ్చింది. రాగి, వెండి కరిగిపోతాయి, బంగారం నిలుస్తుంది.

ఇక ఆమ్లానికి మొదటి పరీక్ష నాలుకే. ఆమ్లమంటేనే పులుపు. క్షారానికి మాత్రం మన ఇళ్లల్లో రంగు పరీక్ష ఉంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుంది. అందులో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగే. 1664లో రంగుల మీద గ్రంథం ప్రచురించిన రాబర్ట్ బాయిల్, వయొలెట్ పూల పాకాన్ని ఆమ్లాలు ఎర్రగానూ క్షారాలు ఆకుపచ్చగానూ మారుస్తాయని రాశాడు. ఏదో ఒక ద్రవానికి కాక, ఆ జాతి ద్రవాలన్నిటికీ ఇది వర్తిస్తుందని చూపి, తెలియని ద్రవాన్ని గుర్తించే సాధనంగా మలచడం ఆయన గొప్పతనం. మన శంఖుపూల నీలిరసమూ దాదాపు అదే పని చేస్తుంది. 1909లో డెన్మార్కులో సోరెన్‌సెన్ పి.హెచ్. కొలమానం ఇచ్చాక, ఎంత పులుపో అంకెల్లో చెప్పడం వీలయింది.

ఖనిజాలకు అలాంటి వరస 1812లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ ఏర్పరచాడు. ఏది దేన్ని గీయగలదన్న ఒక్క ఆధారంతో పది ఖనిజాలను పేర్చాడు. బలపపు రాయిలో ఉండే టాల్కు మొదటిది, పలుగురాయి ఏడోది, వజ్రం పదోది. గీత రంగు మరో గుర్తు. మా సండూరు కొండల్లో దొరికే హెమటైట్ అనే ఇనుప ఖనిజం కొన్నిసార్లు ఉక్కులా నల్లగా మెరుస్తుంది. మెరుగుపెట్టని పింగాణీ మీద గీస్తే ఎర్రమట్టి రంగు! పసిడిలా మెరిసే పైరైట్ గీత మాత్రం నలుపు. సున్నపురాయి మీద ఆమ్లం పడితే నురుగు వస్తుంది, పలుగురాయి మీద రాదు.

పైమెరుపును నమ్మవద్దనీ, తెలిసినదాని పక్కన పెట్టి తేల్చుకోమనీ ఈ పరీక్షలు చెబుతాయి. మన పిల్లలు కన్నడంలోనో, తమిళంలోనో, ఇంగ్లీషులోనో శాస్త్రం చదువుతారు. అందులో తప్పు లేదు. అయితే లిట్మస్ కాగితం తెలిసిన పిల్లకు పారాణి ఎందుకు ఎర్రబడుతుందో కూడా తెలిస్తే పలుగురాయి, బలపం, ఒరగల్లు వంటివి వట్టి ముసలివాళ్ల మాటలుగా మిగిలిపోవు. ఇంట్లో పసుపు ఉంటుంది, తాంబూలపు సున్నం ఉంటుంది. చిటికెడు కలిపి చూపించండి.