సున్నా మధ్యలో వంతెన



పోయిన నెల మన యవనస్థుల కూడికలో గుమ్మం పైన పెట్టుకునే చెక్క బోర్డులు చేశాము. స్టెన్సిల్ కోసి, రంగు అద్ది, ఎవరి ఇంటికి కావలసిన మాట వారు వేసుకున్నారు. "ఎట్టా చేశారయ్యగారూ?" అని తర్వాత కొందరు ఫోన్ చేశారు. చేసే విధానం కొంచెమే. దాని వెనుక ఉన్న చరిత్ర మాత్రం చాలా పెద్దది. ఆ రోజు నేను నేర్చుకున్న పాఠం కూడా ఒకటి ఉంది. అవన్నీ ఈ వారం రాస్తున్నాను.

ఇంటి గుమ్మం మీద దేవుని మాట ఉండాలన్న తలంపు ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములోనిది. యూదులు దీన్ని అక్షరాలా పాటించారు. ఆ అధ్యాయములోని వచనాలను, 11వ అధ్యాయములోని మరికొన్నిటిని తోలుకాగితం మీద 22 వరుసలుగా రాసి, చుట్టి, చిన్న గొట్టంలో పెట్టి, గుమ్మానికి కుడి పక్కన బిగిస్తారు. దాన్ని మెజూజా అంటారు. మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహలలో కూడా పాత మెజూజా ముక్కలు దొరికాయి. అయితే అందులో అచ్చు పనికిరాదు. శిక్షణ పొందిన శాస్త్రి తన చేత్తో రాయాల్సిందే. అంటే గుమ్మం మీద మాట కావాలంటే అక్షరం వచ్చినవాడు ఒకడు కావాలి.

మరి అక్షరం రాని చేతి సంగతి ఏమిటి? స్టెన్సిల్ కథలో నాకు నచ్చినది ఇక్కడే మొదలవుతుంది.

స్టెన్సిల్ అక్షరం కంటే ముందు పుట్టింది. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో ఒక గుహ గోడ మీద చెయ్యి ఆనించి చుట్టూ రంగు చిమ్మిన గుర్తు ఉంది. అది కనీసం 39,900 ఏళ్ల నాటిదని 2014లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అక్కడ చెయ్యే స్టెన్సిల్.

రోమా పట్టణంలో మొదటి శతాబ్దంలో క్వింటిలియన్ అనే గురువు ఉండేవాడు. పిల్లలకు రాయడం నేర్పాలంటే పలక మీద అక్షరాలు లోతుగా చెక్కించి, వాటి వెంట ఘంటం నడిపించమన్నాడు. అందుకు ఆయన చెప్పిన పోలిక నాగటి చాలు. చాలులో పడిన కర్రు పక్కకు పోనట్టే పిల్లవాడి చెయ్యి కూడా తప్పిపోదని ఆయన ఉద్దేశం. మనం రైతు కూలీల సంఘం కాబట్టి ఈ పోలిక మనకు వేరే వివరించనక్కరలేదు.

తర్వాత 518లో జస్టిన్ అనే సైనికుడు చక్రవర్తి అయ్యాడు. ఆయనకు చదువు రాదని ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు రాశాడు. ఒక చిన్న చెక్కలో నాలుగు అక్షరాల ఆకారం కోసి, కాగితం మీద పెట్టి, చక్రవర్తి చేతికి కలం ఇచ్చి, ఆ చెయ్యి పట్టుకొని ఆ కోతల వెంట నడిపించేవారట. ఆ నాలుగు అక్షరాలకు లాటిన్‌లో "చదివాను" అని అర్థం. చదవలేని మనిషి చేత చదివానని సంతకం! ప్రొకోపియస్ దీన్ని ఎగతాళిగానే రాశాడు. ఆ చెక్క ఆయన లోటును కప్పిపెట్టింది గాని అక్షరం నేర్పలేదు.

17, 18 శతాబ్దాలలో ఫ్రాన్సు, జర్మనీ దేశాల సంఘాలలో స్టెన్సిల్ మంచి పనికి వచ్చింది. గాయక బృందమంతా ఒకే పుస్తకం చుట్టూ నిలబడి దూరం నుంచే చూసి పాడాలి. అంత పెద్ద అక్షరాలతో రెండు మూడు ప్రతుల కోసం ప్రెస్సులో అచ్చు వేయించడం దండగ. అందుకని పలుచని రేకులో అక్షరాలు కోసి, ఒక్కొక్కటిగా కుంచెతో అద్ది పుస్తకాలు తయారు చేశారు. 1781లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పారిస్‌లో బెరీ అనే పనివాని దగ్గర ఇలాంటి రేకుల సెట్టు కొన్నాడు. అది ఇప్పటికీ ఫిలడెల్ఫియాలో భద్రంగా ఉంది.

అమెరికాలో 19వ శతాబ్దం మొదట్లో ఇది మామూలు ఇళ్ల గోడల మీదికి వచ్చింది. గోడకు అంటించే రంగుల కాగితం కొనలేని పల్లె కుటుంబాల కోసం మోజెస్ ఈటన్ లాంటి చిత్రకారులు స్టెన్సిళ్ల పెట్టె పట్టుకొని ఊరూరా తిరిగేవారు. అతిథికి స్వాగతం అని చెప్పడానికి అనాసపండు బొమ్మ వేసేవారు. ఇంటికి స్టెన్సిల్ బోర్డు చేసుకునే అలవాటుకు ఇది దగ్గరి చుట్టం. 1876లో ఎడిసన్ పేటెంటు తీసుకున్న నకళ్ల పద్ధతిలో కూడా కాగితపు స్టెన్సిలే వాడారు. సైక్లోస్టైల్ అని మన పెద్దలు పిలిచింది ఆ కుటుంబంలోనిదే. నేను సెమినరీలో చేరేనాటికి ఆ మెషిన్ ఒక మూలన దుమ్ము పట్టి ఉంది. మన పెద్దలు కూటాల పాటల కాగితాలు తీసుకున్నది అలాంటి వాటి మీదే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది క్లౌ దొరగారి కాలం. నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చినవారు మాత్రం మన తెలుగు బోధకులే. వచ్చినవారిలో ఎక్కువమంది ఊరి బడి గడప తొక్కనివ్వని మాదిగ పల్లెలవారు. ఆ తర్వాత పల్లెలో బోధకుడే పంతులయ్యాడు. అక్షరం మన వాడకు అలా వచ్చింది. కానీ అందరి చేతికీ రాలేదని నాకు బోర్డుల రోజున తెలిసింది.

ఆ రోజు మన సంఘంలోని ఒక అవ్వ వచ్చి మూలన కూర్చుంది. (ఆమె రాయమంటేనే రాస్తున్నాను.) ఏ మాట కావాలవ్వా అంటే "సమాధానం అని వెయ్యి నాయనా" అంది. ఇద్దరు కొడుకులు చేని గట్టు దగ్గర మాట తెగి మూడేళ్లయింది. స్టెన్సిల్ షీటు కోసం ఆమె ఒక పాత ఎక్స్‌రే ఫిల్ము తెచ్చింది. "మా ఆయనది. ఇంక దేనికి పనికొస్తది?" అంది. మేము దాన్ని సబ్బునీళ్లతో కడిగి, దాని మీద అక్షరాలు గీసుకొని బ్లేడుతో కోయడం మొదలుపెట్టాము.

నేను వేగంగా కోసుకుంటూ చివరి సున్నా దగ్గరికి వచ్చాను. అవ్వ అంది: "అయ్యగారూ, లోపల గుండ్రం దేన్ని పట్టుకొని నిలబడిద్ది?" వినకుండా కోసేశాను. మధ్య ముక్క ఊడి కింద పడింది. సున్నా ఉండాల్సిన చోట బొక్క మిగిలింది. పిల్లలంతా నవ్వారు. స్టెన్సిల్‌లో మూసుకున్న అక్షరం ఏదైనా లోపలి ముక్క పడిపోకుండా సన్నని పట్టీ ఒకటి వదలాలి. దాన్నే వంతెన అంటారు. గోనెసంచుల మీద మిల్లు పేరు చూడండి, అక్షరాల మధ్య చిన్న చిన్న ఖాళీలు ఉంటాయి. అవి ఆ వంతెనల గుర్తులే. రెండోసారి రెండు వంతెనలు వదిలి కోశాను. సున్నా నిలబడింది.

తర్వాత పని ఇంతే. చెక్కను సాండ్ పేపరుతో నున్నగా రుద్ది, ప్రైమరు వేసి, పై రంగు పూర్తిగా ఆరనివ్వాలి. స్టెన్సిల్ కదలకుండా టేపు వేయాలి. స్పాంజి ముక్కను రంగులో ముంచి, ఎక్కువైనది పాత కాగితం మీద ఒత్తేసి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు పైనుంచి నిలువుగా అద్దాలి. రుద్దితే రంగు అంచుల కిందికి పోతుంది. తడి ఉండగానే షీటును తిన్నగా పైకి ఎత్తాలి.

స్పాంజి అవ్వ చేతికిచ్చాను. ఆమె కాసేపు ఊరుకొని అంది: "నాకు ఏలిముద్రే గాని అక్షరం రాదయ్యా." పదకొండేళ్లుగా ప్రతి జనవరిలో ఆమెకు వాగ్దాన వచనం కార్డు ఇస్తున్నాను. ఆమె కళ్లకద్దుకొని తీసుకుంటుంది. చదవగలదా అని ఒక్కసారి కూడా అడగలేదు. నాకు సిగ్గేసింది. ఆ కార్డులు ఆమె గోడకు వరుసగా తగిలించి ఉన్నాయి. అన్నీ నా చేతి రాతే.

అవ్వ నాలుగు అక్షరాలూ తానే అద్దింది. "ధా" దగ్గర రంగు కాస్త కారింది. నేను తుడవబోతే "ఉండనీ" అంది. షీటు ఎత్తినప్పుడు వేలితో ఒక్కొక్క అక్షరం చూపించి అడిగింది, నేను చెప్పాను. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక బైబిలు తెచ్చి, ఒక పేజీలో "స" ఎక్కడుందో, "మా" ఎక్కడుందో నాకు చూపించింది. చక్రవర్తికి ఆ చెక్క చేయలేని పని ఎక్స్‌రే ఫిల్ము ముక్క ఈ అవ్వకు చేసింది.

ప్రియులారా, మన గుమ్మాల మీద ఇప్పుడు మెరిసే స్టిక్కర్లకు కొదువ లేదు. నాకు వాటి మీద కోపం లేదు. కానీ పై మాట నిలబడాలంటే లోపల పట్టుకొని ఉండేది ఒకటి కావాలి. చూసేవారికి ఆ పట్టీ లోపంలా కనబడుతుంది. అది లేకపోతే మధ్య ఊడిపోతుంది. అన్నదమ్ముల మధ్య ఒక పలకరింపు, చదువు రాని తల్లి పక్కన ఒక పది నిమిషాలు, ఇలాంటివే ఆ పట్టీలు.

అవ్వ ఇంటికి చిన్న కొడుకు వచ్చి బోర్డు బిగించి వెళ్లాడు. పెద్దాయన ఇంకా రాలేదు. దయచేసి ఆ కుటుంబం కొరకు ప్రార్థించండి. వచ్చే శనివారం సాయంత్రం నుంచి మందిరంలో పెద్దవాళ్లకు అక్షరాలు మొదలుపెడుతున్నాము. మీ ఇంట్లో వేలిముద్ర వేసేవారు ఉంటే తీసుకురండి, వారి పక్కన మీరూ కూర్చోండి. పాత ఎక్స్‌రే ఫిల్ములు ఉంటే అవి కూడా తీసుకురండి.

దేవుడు మీ ఇండ్లను, మీ గుమ్మాలను దీవించును గాక. ఆమేన్.