కందెన గొట్టం నుంచి సిరామిక్ కోటింగ్ దాకా

పోయిన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మా నడిగూడెం వెళ్తే ఊళ్ళో అందరిదీ ఒకటే ప్రశ్న: "కారు చక్రాలకి ఆ మచ్చలేంట్రా?"

నావి మ్యాట్ బ్లాక్ అల్లాయ్ వీల్స్. మెరవకపోవడమే వాటి అందం. బయల్దేరే ముందురోజు ఓ షాపులో కడిగిస్తుంటే "సార్, ప్రొటెక్షన్ కూడా వేస్తాం" అన్నారు, సరేనన్నా. వేసింది మామూలు వ్యాక్స్. తెల్లారి చూద్దును కదా, నాలుగు చక్రాలూ జిడ్డు ముఖాల్లా అక్కడక్కడా మెరుస్తున్నాయి. తప్పులో సగం వాళ్ళది, ఏం వేస్తున్నారని అడగని నాది సగం.

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. చిన్నప్పుడు ఓసారి బండి కింద వేలాడే కందెన గొట్టం తీసి చక్రం ఆకులన్నిటికీ నల్లగా పూసేశాను. తాత చెవి మెలేసి, "ఒరే, ఇది ఇరుసుకి పెట్టేది. పైన పూస్తే దుమ్మంతా దానికే అంటుకుంటది" అన్నాడు.

అన్నట్టు, నడిగూడెం కోట మునగాల జమీందారుది. చుట్టూ నిజాం రాజ్యం, మా పరగణా మాత్రం ఇంగ్లీషువాళ్ళ కృష్ణా జిల్లా. 1959లో నల్గొండలో కలిసింది, 2016లో సూర్యాపేట జిల్లాలోకొచ్చింది. ఆ జమీందారీ దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారు సైన్సుని తెలుగులో చెప్పాలని పట్టుబట్టిన మనిషి, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినవారిలో ఒకరు. ఆ ఊరివాణ్ణై ఉండి చక్రం సంగతి తెలుగులో చెప్పకపోతే ఎలా?

ఎడ్లబండి చక్రానికి మధ్యలో కుంభం, దాన్నుంచి ఆకులు, వాటి చివర్లు కలుపుతూ చెక్క పూటీలు, బయట ఇనప కట్టు. కట్టుని పిడకల మంటలో బాగా కాల్చి, సాగాక చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే ముడుచుకుని చెక్కని బిగించేస్తుంది. నేలరాపిడికి కట్టు. ఇరుసు రాపిడికి ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఏ బెడదకి ఆ మందు, అదీ దాని చోట మాత్రమే.

చెక్క పోయి లోహం వచ్చాక బెడదలు మారాయి. 1924లో బుగాటీ టైప్ 35 రేసు కారుకి పోత అల్యూమినియం చక్రాలు పెట్టారు. తర్వాత రేసుల్లోకి ఇంకా తేలికైన మెగ్నీషియం వచ్చింది గానీ, తడి తగిలితే దానికి తుప్పు బెడద ఎక్కువ. పై పూత దెబ్బతింటే చక్రమే పాడయ్యేది. 1950ల్లో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ పౌడర్ కోటింగ్‌కి దారి వేశాడు. ద్రవం పెయింటు బదులు ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి పొరలా పట్టేస్తుంది. ఇవాళ చాలా అల్లాయ్ వీల్స్‌కి అడుగున ఉండేది అదే.

ఇక మ్యాట్. నేనూ అదో వేరే రంగనుకునేవాణ్ణి. కాదు. పై పొర కంటికి కనపడనంత గరుకుగా ఉంటుంది, వెలుతురు అన్ని వైపులకీ చెదిరిపోతుంది, అంతే. వ్యాక్స్ ఆ గుంతల్ని పూడ్చేస్తుంది, అందుకే మెరుపు మచ్చలు. ఇది నయం, వ్యాక్స్ కరిగించే క్లీనర్‌తో రెండుసార్లు కడిగితే నావి చాలావరకు పోయాయి. అదే పాలిష్ కాంపౌండ్‌తో రుద్దుంటే గరుకే అరిగిపోయేది. దానికి అన్‌డూ లేదు, మళ్ళీ పెయింటే.

మరి మన బెడదలేంటి? హైవే మీద బ్రేకు వేసినప్పుడల్లా వేడి ఇనప రజను చక్రానికి అంటుకుని అక్కడే తుప్పు పడుతుంది. హుజూర్‌నగర్ వైపు సిమెంటు లారీల దుమ్ముంది, తడిస్తే క్షారం. ఆపైన దమ్ము చేసిన పొలాల బురద. వీటికి కావాల్సింది మెరుపు కాదు, అంటుకోనివ్వని పల్చని పొర. మ్యాట్ కోసమే చేసిన సీలెంట్ కొన్ని నెలలుంటుంది. సిలికా ఆధారిత సిరామిక్ కోటింగ్ ఒకట్రెండు మైక్రాన్లే, కానీ ఏడాది, ఆపైన కూడా ఉండొచ్చు. చక్రం చల్లారాక కడిగి, జిడ్డు తీసి, ముందు లోపలి వైపు కాస్త పూసి చూడండి. రంగు మరీ ముదిరినా, మెరిసినా ఆపేయండి. యాసిడ్ క్లీనర్ల జోలికి పోవద్దు. ఒకటి మాత్రం నిజం: రాయి దెబ్బనీ, ఫుట్‌పాత్ గీతనీ ఏ కోటింగూ ఆపదు.

తాత లేడు, బండీ లేదు. గొట్టం మాత్రం పశువుల కొట్టంలో ఇంకా వేలాడుతోంది, ఎండిపోయి. తాతకి కోటింగుల కెమిస్ట్రీ తెలీదు. కానీ ఏది పూసినా దేన్నుంచి కాపాడటానికో, ఎక్కడ పూయకూడదో తెలుసు. రోజూ ఆఫీసులో "ఈ లేయర్ ఎందుకు?" అని పదిసార్లు అడిగే నేను, షాపులో "ప్రొటెక్షన్" అనగానే కార్డు తీసిచ్చా.

ఈసారి అడుగుతాను. మీరూ అడగండి.