నటన కన్నా ముందు కిటికీ ఊచలు: వయోలా స్పోలిన్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడతా. చేసింది నేనే.

కిందటేడు హైస్కూల్లో టీచరుగా చేసే మా ఫ్రెండ్ ఫోన్ చేశాడు. "రేయ్, రోజూ కెమెరా ముందు వాగుతావు కదా, శనివారాలు వచ్చి మా తొమ్మిదో తరగతి పిల్లలకి కాస్త యాక్టింగ్ నేర్పరా" అన్నాడు. నేను చదివింది బీటెక్, చేసింది కోడింగ్. అయినా ఊపులో సరే అనేశా.

మొదటి క్లాసులో ఒక్కొక్కరినీ ముందుకి పిలిచి "కోపం చూపించు, ఏడుపు చూపించు" అన్నా. నలుగురైదుగురు అబ్బాయిలు సినిమా డైలాగులు దంచేశారు. తర్వాత ఒకమ్మాయి వచ్చింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నేల చూస్తూ నిలబడిపోయింది. నేనేమో "భయపడకు, ఫీలవ్వు, ఫీలవ్వు" అంటున్నా. వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. అంతే, క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి వెళ్లి కూర్చుని, గంట కొట్టేదాకా తలెత్తలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొత్తగా నేర్చుకునే పిల్లలకి నటన ఎలా చెప్తారో వెతకడం మొదలుపెట్టా. అప్పుడు తగిలింది ఈ పేరు: వయోలా స్పోలిన్.

ఈవిడ 1906లో అమెరికాలోని చికాగోలో పుట్టింది. రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. అదే ఊళ్లో హల్ హౌస్ అని ఒక చోటు ఉండేది. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు 1889లో పెట్టారు. ఇటలీ, గ్రీస్, తూర్పు యూరప్ నుంచి వచ్చిన పేద కుటుంబాలకి అది చదువు, ఆట, పాట అన్నీ దొరికే అడ్డా. 1920ల్లో స్పోలిన్ అక్కడ నీవా బోయ్డ్ అనే టీచర్ దగ్గర చేరింది. బోయ్డ్ నమ్మకం ఒక్కటే: ఆట అంటే టైమ్‌పాస్ కాదు, పిల్లలు నలుగురితో కలిసి బతకడం నేర్చుకునేది ఆటలోనే.

తర్వాత మహా మాంద్యం వచ్చింది. ఉద్యోగాలు పోయినవాళ్లకి పని చూపించడానికి అమెరికా ప్రభుత్వం 1935లో డబ్ల్యూపీఏ అనే పథకం పెట్టింది. అందులో భాగంగా 1939 నుంచి 1941 దాకా స్పోలిన్ చికాగోలో డ్రామా సూపర్‌వైజర్. ఇక్కడే ఆమెకి అసలు చిక్కొచ్చింది. ఎదురుగా ఉన్నది వలస కుటుంబాల పిల్లలు, పెద్దలు. ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో భాష. లెక్చర్ ఇస్తే ఎవరికి ఎక్కుతుంది?

అందుకే ఆమె నటనలోని ఒక్కో సమస్యనీ ఒక్కో ఆటగా మార్చేసింది.

ఉదాహరణకి, తాడు లేకుండా తాడు లాగే ఆట. రెండు జట్లు, మధ్యలో ఖాళీ గాలి. "బలం ఉన్నట్టు నటించు" అని ఎవరూ చెప్పరు. తాడు ఇద్దరి మధ్యా తెగకుండా ఉండాలి, అంతే రూలు. ఆడేవాళ్లు దాని మీదే ధ్యాస పెడతారు, ఒళ్లు దానంతటదే వంగుతుంది, మడమలు నేలకి తన్నిపెడతాయి. ఇంకోటి అద్దం ఆట: ఎదుటివాడు ఎలా కదిలితే నువ్వూ అలాగే. ఇంకోటి అర్థం లేని భాషలో మాట్లాడటం. ఏ భాష పిల్లాడైనా సమానమే అక్కడ. ఆట నడుస్తుండగా టీచరు పక్కనుంచి చిన్న చిన్న మాటలు అందిస్తుంది, ఆట ఆపదు, తిట్టదు. దీనికి సైడ్‌కోచింగ్ అని పేరు.

మరి నా "ఫీలవ్వు" ఎక్కడిది? అది నేను కనిపెట్టిందేమీ కాదు. 1930ల్లో న్యూయార్క్ గ్రూప్ థియేటర్‌లో లీ స్ట్రాస్‌బర్గ్, నటుల చేత పాత జ్ఞాపకాలు తవ్వించి ఎమోషన్ బయటికి తెప్పించేవాడు. అది ఆ పనిలోనే ఉన్న పెద్ద నటుల కోసం. నేను దాన్ని పద్నాలుగేళ్ల పిల్ల మీద, నలభైమంది చూస్తుండగా ప్రయోగించా. అదీ నా ఘనకార్యం.

స్పోలిన్ 1946లో హాలీవుడ్‌లో యంగ్ యాక్టర్స్ కంపెనీ పెట్టి పిల్లలకే నేర్పింది. 1955లో ఆమె కొడుకు పాల్ సిల్స్, డేవిడ్ షెపర్డ్‌తో కలిసి చికాగోలో కంపాస్ ప్లేయర్స్ మొదలుపెట్టాడు. 1959లో మరో ఇద్దరితో కలిసి సెకండ్ సిటీ పెట్టాడు. బిల్ మరే, టీనా ఫే, స్టీవ్ కారెల్ అందరూ ఆ మెట్లు ఎక్కినవాళ్లే. ఇవాళ మీరు చూసే ఇంప్రూవ్ కామెడీలో పెద్ద పాయ పేటపిల్లల కోసం పుట్టిన ఆటల్లోంచి వచ్చింది. 1963లో ఆ ఆటలన్నీ పుస్తకంగా అచ్చయ్యాయి. అందులో 200కి పైగా ఉన్నాయి.

ఆ పుస్తకంలో నన్ను గుచ్చిన విషయం ఒకటుంది. మెప్పు కోసం ఎదురుచూడటం, తిట్టు పడుతుందేమోనని భయపడటం, ఈ రెండూ మనిషిని బిగించేస్తాయంటుంది స్పోలిన్. మనకి కొత్తా ఇది? మార్కులు, ర్యాంకులు, "పక్కింటివాడిని చూడు"... పెరిగిందే అందులో.

మనకి నటన నేర్పే పద్ధతి లేదని కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన సురభి కుటుంబాల్లో పిల్లలు స్టేజీ మీదే పెరిగారు, పెద్దల్ని చూస్తూ నేర్చుకున్నారు. కానీ అమ్మా నాన్నా నటులు కాని ఇంటి పిల్లకి, వారానికి ఒక్క గంట మాత్రమే దొరికే పిల్లకి, ఏం చెప్పాలి? స్పోలిన్ జవాబు వెతికింది సరిగ్గా ఈ ప్రశ్నకే.

రెండో శనివారం ఆమె మొదటి పాఠమే చేయించా. క్లాసుని రెండు సగాలు చేశా. ఒక సగం ముందు వరసగా నిలబడాలి, రెండో సగం కూర్చుని వాళ్లని చూడాలి. ఏమీ చేయకూడదు. అర నిమిషంలో ఇబ్బంది మొదలైంది. ఒకడు గోళ్లు కొరుకుతాడు, ఒకడు ఊరికే నవ్వుతాడు. పోయినవారం డైలాగులు దంచినవాళ్లు కూడా! అప్పుడు చెప్పా: "ఈ గదిలో కిటికీ ఊచలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి." ఒక్కసారిగా భుజాలు దిగాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ గుర్తు లేదు. స్పోలిన్ చూపించాలనుకున్నది ఇదే: చేయడానికి పని ఉన్నప్పుడు భయానికి చోటుండదు.

ఒకబ్బాయి "నలభై ఎనిమిది అన్నా" అని అరిచాడు.

వరస చివర నుంచి గొంతు వచ్చింది. "కాదన్నా, నలభై ఏడే. ఆ మూల కిటికీకి ఒకటి ఊడిపోయింది."

ఆ అమ్మాయే. తల పైకెత్తి, వేలు చూపిస్తూ, క్లాసంతా వినేలా. చున్నీ కొస వేలికి లేదు.

ఎవరూ నవ్వలేదు. అందరూ ఆ కిటికీ వైపే చూస్తున్నారు. నేనూ మళ్లీ లెక్కపెట్టా. నలభై ఏడే.

మీ స్కూల్లో మిమ్మల్ని స్టేజీ ఎక్కనిచ్చిన టీచరైనా, స్టేజీ అంటే భయం పుట్టించిన నాలాంటివాడైనా ఉంటే కామెంట్లో రాయండి. అన్నీ చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.