ఆటోక్రాస్‌కు కారు సిద్ధం.. ముందు టైర్లు, ఆ తర్వాతే ఇంజన్‌

* నాలుగు చక్రాలకూ శక్తి అందే కార్ల యజమానులకు మార్గదర్శకం
* రహదారిపై పందెం నేరం.. మైదానంలో పోటీ క్రీడ

ఒంగోలు: వేగంపై మక్కువ గలవారు సొంత కారుతోనే తమ నైపుణ్యాన్ని పరీక్షించుకునే క్రీడ ఆటోక్రాస్‌. లక్షలు వెచ్చించి కొన్న రేసు కారు ఇందుకు అవసరం లేదు. నిత్యం వాడే వాహనాన్ని సక్రమంగా సిద్ధం చేసుకుంటే చాలు. అయితే మొదటిసారి బరిలో దిగేవారు ఇంజన్‌ శక్తి పెంచడానికి డబ్బు ఖర్చు చేసి, టైర్లను, బ్రేకులను పట్టించుకోకపోవడం పరిపాటి. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఆల్‌ వీల్‌ డ్రైవ్‌ కార్ల విషయంలో ఈ పొరపాటుకు చెల్లించాల్సిన మూల్యం మరింత ఎక్కువ. ఈ నేపథ్యంలో కారును ఎలా సిద్ధం చేసుకోవాలి, ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి అన్న అంశాలపై కథనం.

ఆటోక్రాస్‌ అంటే..

విశాలమైన మైదానంలో ప్లాస్టిక్‌ కోన్లతో మలుపుల దారి గీస్తారు. ఒక్కో కారును విడివిడిగా పంపి, ఎంత సమయంలో పూర్తి చేసిందో లెక్కిస్తారు. కార్లు పక్కపక్కన పరుగెత్తవు గనుక ఢీకొనే ప్రమాదం స్వల్పం. కోన్‌ను తాకితే సమయానికి అదనంగా సెకన్లు కలుపుతారు. అమెరికాలో ఎస్‌సీసీఏ సంస్థ నిబంధనల ప్రకారం కోన్‌కు 2 సెకన్లు. మన దేశంలో ప్రతి పోటీకీ నిర్వాహకులు విడిగా నిబంధనావళి విడుదల చేస్తారు.

అమెరికాలో ఈ పోటీలను తారు లేదా సిమెంటు నేలపై నిర్వహిస్తారు. బ్రిటన్‌, ఐరోపా దేశాలలో ఆటోక్రాస్‌ అంటే మట్టి, పచ్చిక నేల. మన దేశంలోనూ మట్టి మైదానాలే ఎక్కువ. ఏ నేలపై పోటీ జరుగుతుందో తెలుసుకున్న తర్వాతే కారు పని మొదలుపెట్టాలి.

ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. అక్కడ నిర్ణీత సమయంలో ఎంత దూరం లాగాయన్నది లెక్క. ఇక్కడ నిర్ణీత దూరాన్ని ఎంత సమయంలో దాటారన్నది లెక్క. అక్కడ పాల పళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు ఉన్నట్లే, ఇక్కడ ఇంజన్‌ సామర్థ్యం, చేసిన మార్పులను బట్టి విభాగాలు ఉంటాయి. కారుకు ఒక్క మార్పు చేసినా పై విభాగంలోకి వెళ్లి, బలమైన వాహనాలతో తలపడాల్సి రావచ్చు. అందుకే పానా పట్టే ముందు నిబంధనావళి చదవడం తప్పనిసరి.

ఏది ఫోర్‌ వీల్‌.. ఏది ఆల్‌ వీల్‌?

ఈ రెండూ ఒకటే అన్న అపోహ చాలామందిలో ఉంది. 1985లో మార్కెట్‌లోకి వచ్చిన మారుతి జిప్సీ, 2020 నాటి మహీంద్రా థార్‌ వంటి వాహనాలలో అవసరమైనప్పుడు లివర్‌ మార్చి నాలుగు చక్రాలకూ శక్తి అందిస్తారు. వీటిలో ముందు, వెనుక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్‌ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగవలసి ఉంటుంది. మట్టిపై చక్రం కొద్దిగా జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు నేలపై జారే వీలు లేక గేర్లు, షాఫ్టులు బిగుసుకుంటాయి. కాబట్టి ఇటువంటి వాహనాలలో ఫోర్‌ వీల్‌ను వదులు నేలపై మాత్రమే వాడాలి.

2014లో మన దేశంలో విడుదలైన రెనో డస్టర్‌ ఏడబ్ల్యూడీ, 2022లో వచ్చిన మారుతి గ్రాండ్‌ విటారా ఆల్‌గ్రిప్‌ రెండో కోవకు చెందినవి. ఇవి ప్రధానంగా ముందు చక్రాలతో నడుస్తూ, అవి జారినప్పుడు ఒక క్లచ్‌ అమరిక ద్వారా వెనుక చక్రాలకు శక్తి పంపుతాయి. సుబారు ఇంప్రెజా, మిత్సుబిషి లాన్సర్‌ ఎవల్యూషన్‌ వంటి కార్లలో నాలుగు చక్రాలకూ నిరంతరం శక్తి అందుతుంది. 1980లో ఆడి క్వాట్రో రాకతో ర్యాలీ పోటీల స్వరూపమే మారిపోయింది. మన దేశానికి చెందిన గౌరవ్‌ గిల్‌ సైతం నాలుగు చక్రాల చోదక స్కోడా ఫాబియా కారుతో ఆసియా పసిఫిక్‌ ర్యాలీ టైటిళ్లు గెలిచి, 2019లో అర్జున అవార్డు అందుకున్నారు.

ఎత్తైన వాహనాల విషయంలో ఒక హెచ్చరిక. గరుకైన తారు నేలపై పదునైన మలుపు తిప్పితే, బరువు ఎత్తులో ఉన్న వాహనం బోల్తా పడే ప్రమాదం ఉంది. అటువంటి వాటిని అనుమతిస్తారో లేదో నిర్వాహకులను ముందే సంప్రదించాలి.

బలం ఒకచోట.. బలహీనత మరోచోట

నాలుగు చక్రాల చోదకం బయలుదేరేటప్పుడు, మలుపు నుంచి బయటపడేటప్పుడు అక్కరకు వస్తుంది. బ్రేకు వేసినప్పుడు గానీ, మలుపులోకి ప్రవేశించేటప్పుడు గానీ దానివల్ల లాభం లేదు. ఏ కారైనా ఆగేది నాలుగు టైర్లతోనే. పైగా అదనపు గేరు పెట్టె, షాఫ్టు, వెనుక డిఫరెన్షియల్‌ వల్ల బరువు పెరుగుతుంది. వేగంగా మలుపు తిప్పితే కారు ముక్కు బయటకు జారిపోతుంది. కారును సిద్ధం చేయడమంటే ప్రధానంగా ఈ జారుడును తగ్గించడమే.

టైర్లు: నాలుగూ ఒకేలా

ఆల్‌ వీల్‌ డ్రైవ్‌ కారుకు నాలుగు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే సైజు, ఒకే అరుగుదల కలిగి ఉండాలి. రెండు కొత్తవి, రెండు పాతవి వేయడం ప్రమాదకరం. టైరు గాడి లోతులో 1 మిల్లీమీటరు తేడా ఉంటే చుట్టుకొలతలో సుమారు 6 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. సుబారు కంపెనీ అనుమతించే గరిష్ఠ తేడా దాదాపు అంతే. అది దాటితే తిన్నని రోడ్డుపై వెళుతున్నా ఇరుసుల మధ్య అమరిక నిరంతరం రాపిడికి గురై వేడెక్కుతుంది.

మట్టి పోటీకి లోతైన గాడులున్న టైర్లు, తారు నేలకు మెత్తని రబ్బరు ఉన్న రహదారి టైర్లు అనువైనవి. నల్లరేగడి తడిస్తే గాడుల నిండా అతుక్కుని టైరును నున్నగా మార్చేస్తుంది. చిన్న కంకర కలిసిన ఎర్రనేల ఎండినప్పుడు గోలీలపై నడిచినట్లు జారుతుంది. ఈ రెంటిపైనా బ్రేకు ముందుగా వేయడం అలవాటు చేసుకోవాలి.

గాలి కొలత: సుద్దముక్కతో పరీక్ష

రూపాయి ఖర్చు లేకుండా ఫలితమిచ్చేది గాలి కొలత. డ్రైవరు తలుపు వద్ద స్టిక్కరుపై ఉన్న అంకె నుంచి మొదలుపెట్టాలి. తారు నేలపై అయితే మామూలు టైర్లలో 4 నుంచి 6 పాయింట్లు అదనంగా పట్టించి చూడవచ్చు. టైరు అంచు నుంచి పక్క గోడ వరకు సుద్దముక్కతో గీత గీసి ఒక పరుగు తీయాలి. పక్క గోడపై సుద్ద చెరిగిపోయి ఉంటే టైరు ఒరిగిపోతోందని, గాలి పెంచాలని అర్థం. అంచు వద్ద సుద్ద చెక్కుచెదరకపోతే గాలి ఎక్కువైందని గ్రహించాలి.

ముక్కు బయటకు జారుతుంటే వెనుక టైర్లలో ఒకటి రెండు పాయింట్లు పెంచితే కారు కొంత సులువుగా తిరుగుతుంది. మట్టిపై గాలి మరీ తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. వేసవి మధ్యాహ్నం పరుగు పరుగుకూ టైరు వేడెక్కి గాలి కొలత పెరుగుతుంది. అందువల్ల సొంత గేజి వెంట ఉంచుకుని ప్రతి పరుగు తర్వాత సరిచూసుకోవాలి.

అలైన్‌మెంట్‌, సస్పెన్షన్‌

ముందు చక్రాల పైభాగం కొద్దిగా లోపలికి వాలి ఉంటే మలుపులో టైరు నేలను పూర్తిగా పట్టుకుంటుంది. దీన్ని నెగెటివ్‌ కాంబర్‌ అంటారు. చాలా కార్లలో కంపెనీ ఇచ్చిన అవకాశం స్వల్పమే. ఉన్నంత మేరకు రెండు వైపులా సమానంగా పెట్టించాలి. ముందు చక్రాల టోను సున్నాకు దగ్గరగా ఉంచితే స్టీరింగు చురుగ్గా స్పందిస్తుంది. ఇదే కారును రోజూ నడిపేవారు ఇంతకు మించి మార్పులు చేస్తే టైర్లు త్వరగా అరిగిపోతాయి.

నూనె కారుతున్న షాక్‌ అబ్జార్బర్లు, అరిగిన బుష్‌లు, బాల్‌ జాయింట్లు మార్చకుండా అలైన్‌మెంట్‌ చేయించడం వృథా. ఖరీదైన స్ప్రింగుల కంటే ముందు పాత భాగాలను కొత్తవిగా మార్చడమే మేలు. నిబంధనలు అనుమతిస్తే వెనుక యాంటీ రోల్‌ బార్‌ను గట్టిది వేయించుకోవచ్చు. ముక్కు జారుడును తగ్గించే మార్పులలో ఇది ముఖ్యమైనది.

బ్రేకులు, క్లచ్‌, నూనెలు

బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్‌ 4 నూనె మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్‌. తేమ చేరిన తర్వాత ప్రమాణాల ప్రకారం ఆ పరిమితి 155 డిగ్రీలు మాత్రమే. నూనె మరిగితే పెడల్‌ నేలకు తగులుతుంది, కారు ఆగదు. రెండేళ్లు దాటిన నూనెను పోటీకి ముందే మార్పించాలి. ప్యాడ్లు సగానికి పైగా మిగిలి ఉండాలి.

ముందు చక్రాల కారులో ఒక్కసారిగా క్లచ్‌ వదిలితే చక్రాలు గిర్రున తిరిగి ఒత్తిడి తగ్గుతుంది. ఆల్‌ వీల్‌ డ్రైవ్‌లో నాలుగు టైర్లూ నేలను పట్టుకోవడంతో ఆ భారం క్లచ్‌ ప్లేటుపై పడి మాడిపోతుంది. ఇంజన్‌ను హోరెత్తించి బయలుదేరడం కంటే, తక్కువ వేగంలో క్లచ్‌ను త్వరగా, మెత్తగా వదలడం శ్రేయస్కరం. మలుపు కోసం హ్యాండ్‌ బ్రేకు లాగడం సైతం ఇరుసుల మధ్య అమరికకు హానికరం.

ఇంజన్‌ నూనె మలుపుల్లో ఒక పక్కకు చేరుతుంది గనుక పై గీత వరకు ఉండేలా చూడాలి. చాలామంది మరిచిపోయేవి ముందున్న ట్రాన్స్‌ఫర్‌ యూనిట్‌, వెనుక డిఫరెన్షియల్‌ నూనెలు. కంపెనీ సూచించిన రకమే పోయించాలి. దుమ్ము మైదానంలో పోటీ ముగిశాక ఎయిర్‌ ఫిల్టర్‌, రేడియేటర్‌ శుభ్రం చేయాలి.

చట్టం, బీమా: తెలియక నష్టపోవద్దు

మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్‌ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రజా రహదారిపై పందేలు నేరం. 2019 సవరణ అనంతరం తొలిసారి పట్టుబడితే మూడు నెలల వరకు జైలు లేదా రూ.5 వేల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ పట్టుబడితే ఏడాది వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానాకు అవకాశం ఉంది. కొరిశపాడు వద్ద విమానాలు దిగేందుకు నిర్మించిన విశాలమైన భాగమైనా సరే, అది 16వ నంబరు జాతీయ రహదారే. అక్కడ సాధన చేయడం చట్టవిరుద్ధం, ప్రాణాంతకం.

సాధారణ కారు బీమా పాలసీలో పోటీలు, వేగ పరీక్షలకు వర్తింపు ఉండదు. మైదానంలో కారు దెబ్బతింటే ఖర్చు యజమానిదే. కుటుంబానికి ఉన్న ఒకే కారుతో, అందులోనూ వాయిదాలు మిగిలి ఉన్న కారుతో దిగేవారు ఈ విషయం ఇంట్లో చెప్పి మరీ నిర్ణయం తీసుకోవాలి. అదేవిధంగా చట్టం 52వ సెక్షన్‌ ప్రకారం రిజిస్ట్రేషన్‌ పత్రంలోని వివరాలకు భిన్నంగా కారును మార్చి రోడ్డుపై తిప్పరాదు.

మన దేశంలో మోటారు క్రీడలను 1971లో ఏర్పడిన ఎఫ్‌ఎంఎస్‌సీఐ పర్యవేక్షిస్తుంది. ఆ సంస్థ గుర్తింపు ఉన్న పోటీలలో వాహన తనిఖీ, అంబులెన్సు, అగ్నిమాపక ఏర్పాట్లు తప్పనిసరి. పోటీదారు లైసెన్సు, హెల్మెట్‌ ప్రమాణాల గురించి ముందే తెలుసుకోవాలి. ద్విచక్ర వాహన హెల్మెట్‌ను అన్ని చోట్లా అంగీకరించకపోవచ్చు.

ముందు రోజు తనిఖీ

* బ్యాటరీ కదలకుండా బిగించి ఉందా
* యాక్సిలరేటర్‌ వదలగానే వెనక్కి వస్తోందా
* చక్రాల నట్లు కంపెనీ సూచించిన మేరకు బిగించారా
* నూనె, నీరు, డీజిల్‌ ఎక్కడైనా కారుతున్నాయా
* సీటు బెల్టు, బ్రేకు లైట్లు పనిచేస్తున్నాయా
* కారు లాగే హుక్కు అందుబాటులో ఉందా

పోటీకి ముందు డిక్కీలోని సామాన్లు, స్టెప్నీ, జాకీ, కాలి కింది మ్యాట్లు తీసివేయాలి. బరువు తగ్గడం ఒక లాభం. దొర్లిన నీళ్ల సీసా బ్రేకు పెడల్‌ కింద చేరకుండా ఉండటం అంతకంటే పెద్ద లాభం. ఇంధనం పావు ట్యాంకుకు తగ్గకుండా ఉంచాలి. లేకుంటే మలుపుల్లో పంపుకు అందక ఇంజన్‌ తడబడవచ్చు.

పోటీ రోజు.. తిరుగు ప్రయాణం

దారి మొత్తాన్ని కనీసం రెండుసార్లు నడిచి చూడాలి. తొలి పరుగును దారి గుర్తుపెట్టుకోవడానికే కేటాయించి, కోన్లు తాకకుండా పూర్తి చేయాలి. బ్రేకు తిన్నని చోటే వేసి, నెమ్మదిగా మలుపులోకి వెళ్లి, స్టీరింగు నిటారుగా అవుతున్నకొద్దీ యాక్సిలరేటర్‌ నొక్కాలి. ఆల్‌ వీల్‌ డ్రైవ్‌ ఫలితం అక్కడే కనిపిస్తుంది. ముక్కు జారుతున్నప్పుడు స్టీరింగు ఇంకా తిప్పడం, యాక్సిలరేటర్‌ ఇంకా నొక్కడం రెండూ నష్టమే. ఒకసారికి ఒకే మార్పు చేసి, సమయాన్ని పుస్తకంలో రాసుకుంటే ఏది పనిచేసిందో తెలుస్తుంది.

ఒంగోలు నుంచి చెన్నై సుమారు 300 కిలోమీటర్లు. శ్రీపెరుంబుదూర్‌ సమీపంలోని ఇరుంగట్టుకోట్టైలో 1990 నుంచి నడుస్తున్న మద్రాస్‌ రేస్‌ ట్రాక్‌ ఆ నగర శివారులోనే ఉంది. అంత దూరం వెళ్లి పోటీపడిన కారే తిరిగి ఇంటికి చేర్చాలి. బయలుదేరే ముందు టైర్లలో గాలి మామూలు స్థాయికి తెచ్చి, చక్రాల నట్లు మరోసారి బిగించి, స్టెప్నీ తిరిగి పెట్టుకోవాలి. దారిలో కారు మొరాయిస్తే రెండు చక్రాలు ఎత్తి లాగించరాదు. నాలుగు చక్రాలూ నేలను తాకకుండా లారీపై ఎక్కించి తీసుకురావాలి. లేకుంటే పోటీలో చెడని డిఫరెన్షియల్‌ దారిలో చెడిపోతుంది.

మొదటి ఏడాది పెట్టే ఖర్చును టైర్లు, బ్రేకు నూనె, ప్యాడ్లు, అలైన్‌మెంట్‌లకు పరిమితం చేసుకోవడం మంచిది. మిగిలిన డబ్బును ప్రవేశ రుసుములకు కేటాయిస్తే, పరుగుల సంఖ్య పెరిగేకొద్దీ సమయం దానంతట అదే తగ్గుతుంది.