మంచు గాడిలో ఒక గంట: నిటారు స్కీయింగ్ చరిత్ర



స్కీయింగ్ అనగానే గుల్మార్గ్‌లోనో ఔలీలోనో తీరిగ్గా జారే పర్యాటకులు మీకు గుర్తుకు రావచ్చు. ఈ పాఠంలో మనం చెప్పుకోబోయేది వేరు. కొండ గోడను నిలువునా చీల్చినట్లుండే ఇరుకు మంచు గాడిలోంచి, తాడు సాయం లేకుండా, రెండు స్కీల మీద దిగిన మనుషుల చరిత్ర ఇది. అలాంటి గాడిని ఫ్రెంచిలో 'కూల్వార్' అంటారు. ఆ భాషలో ఆ మాటకు నడవ అనే అర్థం కూడా ఉంది. రెండు పక్కలా రాతి గోడలు, మధ్యలో మంచు: పేరు సరిగ్గా కుదిరింది.

వాలు చెప్పే లెక్క

మన ఇళ్ళలో మెట్ల వాలు సుమారు 30 నుంచి 35 డిగ్రీలుంటుంది. ఈ గాడులు 45 నుంచి 55 డిగ్రీల దాకా ఉంటాయి. 50 డిగ్రీల వాలు మీద ఒకరు పట్టు తప్పారనుకోండి. ఘర్షణను లెక్కలోకి తీసుకోకపోతే త్వరణం 9.8ను సైన్ 50తో గుణించగా వచ్చేది, అంటే సెకనుకు సెకనుకు 7.5 మీటర్లు. నాలుగు సెకన్లలో వేగం గంటకు 108 కిలోమీటర్లకు చేరుతుంది. నిజమైన మంచు మీద ఘర్షణ కొంత తగ్గిస్తుంది గాని, ఆగే అవకాశం మాత్రం చాలా తక్కువ. అందుకే ఇక్కడ మొదటి పొరపాటే చివరిది కావచ్చు.

ఎక్కిన దారినే దిగడం

ఆల్ప్స్ పర్వతాల్లో ఈ గాడులను మొదట వాడుకున్నది ఎక్కేవారు. 1865 జూన్‌లో ఎడ్వర్డ్ వింపర్ తన గైడ్లతో ఏగ్వీ వెర్ట్ శిఖరాన్ని తొలిసారి ఎక్కాడు. ఆ దారిలోని గాడికి ఆయన పేరే నిలిచింది. మాంటే రోసా తూర్పు గోడ ఎత్తు సుమారు 2,400 మీటర్లు. 1872లో దాన్ని తొలిసారి ఎక్కిన బృందంలో గైడు ఫెర్డినాండ్ ఇమ్‌సెంగ్ ఉన్నాడు. 1881 ఆగస్టులో అదే గోడ మీద మంచు చరియ విరిగిపడి ఇమ్‌సెంగ్, ఆయనతో వెళ్ళిన ఇటలీ పర్వతారోహకుడు డామియానో మారినెల్లి, మరో గైడు మరణించారు. తొమ్మిదేళ్ళ కిందట తాను గెలిచిన దారే ఇమ్‌సెంగ్‌ను బలి తీసుకుంది. ఆ గాడిని నేటికీ మారినెల్లి గాడి అనే పిలుస్తారు.

స్కీల మీద అలాంటి చోట్ల దిగవచ్చన్న ఆలోచన నెమ్మదిగా వచ్చింది. 1953లో లియోనెల్ టెర్రే, బిల్ డనవే మాంట్ బ్లాంక్ ఉత్తర గోడ మీదుగా దిగారు. 1967 సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌కు చెందిన సిల్వాన్ సొదాన్ షమొనీ దగ్గరి స్పెన్సర్ గాడిలో దిగాక ఇది ఒక ప్రత్యేక విద్యగా మారింది. 1968 జూన్‌లో వింపర్ గాడి, 1969 జూన్‌లో మారినెల్లి గాడి ఆయన స్కీల కిందికి వచ్చాయి. ముఖం లోయ వైపు ఉంచి, బరువు మడమల మీద వేసి, రెండు స్కీలను కారు అద్దం తుడిచే పుల్లలా ఒకేసారి తిప్పడం ఆయన పద్ధతి.

మంచు ఎప్పుడు స్నేహితుడు?

మూడు ప్రాణాలు తీసిన గోడ మీద ఒక మనిషి క్షేమంగా ఎలా దిగగలిగాడు? నైపుణ్యం ఒక్కటే చాలదు. వేళ తెలియాలి.

వసంతకాలంలో పగటి ఎండకు మంచు పైపొర కరుగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మంచు తన వేడిని ఆకాశంలోకి వెదజల్లి తిరిగి గట్టిపడుతుంది. చెమ్మ తగిలి ఆరిన ఉప్పు డబ్బాలో గడ్డకట్టడం మీరు చూసే ఉంటారు. ఇక్కడా రేణువులు ఒకదానికొకటి అలాగే అతుక్కుంటాయి. తెల్లవారుజామున ఆ మంచు చరియగా కదలడం అరుదు. ఎక్కేవారికి అదే మంచి వేళ.

దిగేవారి కష్టం వేరు. రాయిలా బిగిసిన మంచులో స్కీ అంచు దిగదు. ఎండ తగిలి పైన రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడితే అంచుకు పట్టు దొరుకుతుంది. ఇంకా ఆలస్యమైతే కరిగిన నీరు లోపలికి ఇంకి, రేణువుల బంధాలు వదులై, తడి మంచు మొత్తంగా జారుతుంది. పట్టు దొరకడానికీ ప్రమాదం మొదలవడానికీ మధ్య ఒక్కోసారి గంట వ్యవధే ఉంటుంది. తూర్పు ముఖంగా ఉన్న గాడికి ఆ గంట ముందే వస్తుంది, పడమటి గాడికి ఆలస్యంగా వస్తుంది. రాత్రి మబ్బు పట్టి మంచు గట్టిపడకపోతే ఆ గంట అసలు రాదు. ఆ రోజు వెనుదిరగడమే విద్య.

అయినా ఈ చరిత్రలో నష్టాలు తక్కువ కావు. వందకు పైగా నిటారు గోడలను స్కీల మీద దిగిన హైనీ హోల్ట్‌సర్ 1977లో పిట్స్ రోసెగ్ గోడ మీద పడి చనిపోయాడు.

మన హిమాలయాల్లో

అదే 1977లో సొదాన్ లడఖ్‌లోని 7,135 మీటర్ల నున్ శిఖరం మీదుగా స్కీలతో దిగాడు. 1982లో కారకోరంలోని 8,000 మీటర్లకు మించిన హిడెన్ పీక్‌నూ అలాగే దిగాడు. ఆయన 2024లో మరణించాడు.

మనకు మాత్రం మంచు ఆట కన్నా ముందు సరిహద్దు అవసరం. 1948లో గుల్మార్గ్‌లో సైనికుల కోసం స్కీ శిక్షణ పాఠశాల మొదలైంది. 2010 ఫిబ్రవరిలో దాని శిక్షణార్థుల మీద మంచు చరియ పడి 17 మంది సైనికులు చనిపోయారు. ఇలాంటి ముప్పును ముందే అంచనా వేయడానికి 1969లో మనాలిలో ఏర్పడిన మంచు, మంచుచరియల అధ్యయన సంస్థ దశాబ్దాల పాటు పనిచేసింది. 2020లో దాన్ని రక్షణ రంగంలోని మరో పరిశోధన సంస్థతో కలిపారు.

కాబట్టి మిత్రులారా, ఈ చరిత్రను సాహసాల జాబితాగా చదవకండి. వాలు, ఎండ, రాత్రి చలి, నీరు: నాలుగూ మీ భౌతికశాస్త్ర పుస్తకంలో ఉన్నవే. రేపు మీలో ఎవరైనా కొండల్లో ఉద్యోగానికో యాత్రకో వెళ్తే, మంచును చూడగానే రెండు ప్రశ్నలు వేసుకోండి. రాత్రి ఇది గట్టిపడిందా? ఎండ దీని మీదికి ఎప్పుడు వస్తుంది? ఆ జవాబులు తెలిశాకే అడుగు వేయండి.